ఆ రెండు సీట్లూ మావే

ఇంటర్వెల్ అయిపోయింది, దీపాలు ఆర్పేశారు, ఇక మిగిలింది గంటో గంటంపావో, ఆలోగా నేను ఏదో ఒకటి తేల్చుకోవాలి. నాకు రెండు వరసల ముందు, మెట్ల పక్క సీట్లో మా ఆయన కూర్చున్నారు. నేను వెనకాలే ఉన్నానని ఆయనకి తెలియదు. పొద్దున క్యారేజీ పట్టుకుని నాచారంలో మందుల కంపెనీకని బయల్దేరిన మనిషి, ఒళ్ళు కాలిపోతున్నా సెలవు పెట్టని మనిషి, మధ్యాహ్నం పూట ఉప్పల్లో సినిమా హాల్లో ఉన్నారు, కాళ్ళ దగ్గర ఆ క్యారేజీ పెట్టుకుని. మూత కూడా తీసినట్టు లేదు, పొద్దున్నే లేచి నేను చేసిన దొండకాయ వేపుడు అందులో అలాగే చల్లారిపోయి ఉంటుంది, ఎవరికోసం చేసినట్టు. వారంగా ఇదే సినిమాకి వస్తున్నారు. ఆఫీసులో ఆయన పక్క బల్ల అచ్యుతరావుగారు ఫోన్లో నసుగుతూ చెప్పారు, వారం నుంచీ మధ్యాహ్నం సెలవు పెట్టి ఉప్పల్లో ఆ సినిమాకే వెళ్ళిపోతున్నాడమ్మా, నీకు తెలుసనుకున్నాను అని. నాకేం తెలుస్తుంది, ఏడాదిగా ఆయన నాకేదీ చెప్పరు, కూరలో ఉప్పు తక్కువైందని కూడా చెప్పరు. వెనకనుంచి చూస్తుంటే నడినెత్తిన జుట్టు పల్చబడింది. ఇది ఎప్పుడు జరిగిందో నేను చూడలేదు, ఒకే ఇంట్లో ఉంటూ.

ఒళ్ళో ఫోను వణికింది. అన్నయ్య. "సూర్యాపేట దాటి ముప్పావుగంటైంది. బట్టలు సర్దుకున్నావా?" సర్దుకున్నాను, మంచం కింద పెట్టెలో నాలుగు చీరలు, నా సర్టిఫికెట్లు, ఒక పట్టు పావడా. మా అన్నయ్య గిరిప్రసాద్‌ది మొన్నటి నుంచీ ఒకటే పాట, కనకరాజు మామూలుగా లేడు కమలా, రేపు డాక్టరుకి చూపిద్దాం, వస్తే సరి, రానంటే నువ్వు నాతో విజయవాడ వచ్చెయ్, మతి తప్పిన మనిషితో ఒక్కదానివీ ఎలా ఉంటావమ్మా. మతి తప్పిన మనిషి అన్నాడు, నేను కాదనలేదు. ఎలా కాదంటాను, ఆ వీడియో నేనూ చూశానుగా. సినిమా హాళ్ళ గేట్ల దగ్గర మైకులు పట్టుకుని నిలబడతారు చూడండి, బయటికొచ్చేవాళ్ళ మీద పడి సినిమా ఎలా ఉంది ఎలా ఉంది అని అడిగేవాళ్ళు, పబ్లిక్ టాక్ అంటారు, వాళ్ళలో ఒక పిల్ల, గీతిక అని కింద పేరు పడింది, మా ఆయన మూతి దగ్గర మైకు పెట్టింది. "సార్ సార్, ఎట్లుంది సార్ సినిమా? ఏడుస్తున్నరేంది సార్? ఎవర్ని తోల్కొచ్చి చూపియ్యాలె సార్ ఈ సినిమాని?" మా ఆయన కళ్ళు తుడుచుకోలేదు. ముక్కు కారుతోంది, అదీ తుడుచుకోలేదు. "మా బిందుకి చూపించాలండి," అన్నారు, "మా పాప. ఇంట్లో ఉంది. రేపు తీసుకొస్తాను. దానికి సముద్రం అంటే చాలా ఇష్టం." వీడియో మీద పెద్ద పెద్ద అక్షరాలు, వెక్కి వెక్కి ఏడ్చిన అంకుల్ అని, పక్కన ఏడుపు బొమ్మలు. లక్షల మంది చూశారు. మా తొమ్మిదేళ్ళ బిందు పోయి ఏడాది దాటింది.

ఆ వీడియో మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. పేరు అన్నారు. బిందు అన్నారు. ఆ పేరు ఆయన నోటివెంట వినాలని నేను ఎన్ని వేషాలు వేశాను, దాని పుట్టినరోజున పరమాన్నం చేసి ముందు పెట్టాను, దాని ఫొటో తెచ్చి టీవీ మీద పెట్టాను, బతిమాలాను, అరిచాను, ఒకసారి గిన్నెలు కూడా విసిరాను, ఒక్కసారి దాని గురించి మాట్లాడండి, నాతో కలిసి ఒక్కసారి ఏడవండి అంటే ఉలుకూ పలుకూ లేకుండా లేచి వెళ్ళి నీళ్ళ మోటారు వేసొచ్చేవారు, ట్యాంకు నిండి గోడవెంట కారిపోతున్నా వేసొచ్చేవారు. ఆసుపత్రిలోనూ అంతే. డెంగ్యూ అన్నారు, రక్తంలో కణాలు పడిపోతున్నాయన్నారు, రక్తమిచ్చేవాళ్ళ కోసం తిరిగారు, మందులకి పరుగెత్తారు, డాక్టరు బయటికొచ్చి తల అడ్డంగా ఊపితే ఆయన కూడా తల ఊపారు, సరే అన్నట్టు. కన్ను తడవలేదు. ఎంత గుండె నిబ్బరం అని చుట్టాలు మెచ్చుకున్నారు కూడా. ఆ నిబ్బరంతో ఏడాది కాపురం చేసింది నేను కదా. అలాంటి మనిషి ముక్కూమొహం తెలియని పిల్ల మైకు పెడితే చెప్పేశారు. మైకుకి చెప్పారు, నాకు చెప్పలేదు. సముద్రం అంటే ఇష్టమట. మంగినపూడిలో ఇసకలో అది ఆయన కాళ్ళు పూడ్చేసి, ఇక నాన్న ఆఫీసుకి వెళ్ళలేడు అని ఎగిరి గంతులేసిన సంగతి ఈ లోకంలో నాకొక్కదానికే గుర్తుందనుకుని, నేను ఒక్కదాన్నే మోసుకు తిరిగాను ఇన్నాళ్ళూ.

తెర మీద తండ్రి సముద్రంలోకి దిగాడు, నెత్తిన ఇత్తడి గంగాళం బోర్లించుకుని, దానికి కళ్ళ దగ్గర చిన్న గాజు పలక అతికించుకుని. వెనక కుర్రాళ్ళు ఈలలేశారు. "ఏం దిమాక్ రా భై ఈ డైరెక్టర్‌ది, గంగాళం పెట్టుకొని సముద్రంల నడుస్తుండు!" మొదటి సగంలో నాకూ అలాగే అనిపించింది, ఇదా సినిమా, దీనికోసమా ఈయన వారం నుంచీ పని మానుకొస్తున్నది అని. కథేమిటంటే, పడవలకి రంగులేసే ఒకాయన కూతురు ఆరేళ్ళకే పోతుంది. అలా తొందరగా పోయినవాళ్ళు బతకాల్సిన వయసులన్నీ ఎక్కడికీ పోవట, సముద్రం అడుగున నడిచే ఒక పెద్ద తాబేలు వీపు మీద ఊరు కట్టుకుని ఉంటాయట. ఏడేళ్ళది ఒక ఇంట్లో, ఎనిమిదేళ్ళది పక్కింట్లో, పదిహేనేళ్ళది, ముప్పై ఏళ్ళది, అరవై ఏళ్ళది, అందరూ ఆ పిల్లే, ఒకళ్ళ జడలు ఒకళ్ళు వేసుకుంటూ, పేచీలు పడుతూ. తండ్రి వెళ్ళి ఒక్కో వయసునీ చూసుకోవచ్చు, పక్కన కూర్చోవచ్చు, పెట్టింది తినొచ్చు. ఒక్కటే కట్టడి, పేరు పెట్టి పిలవకూడదు, పిలిస్తే ఆ వయసు ఉప్పులా నీళ్ళలో కరిగిపోతుంది. పేరు పిలవకుండా పిల్లతో ఎలా ఉంటారు, మా ఇంట్లో రోజంతా మోగింది ఆ పేరే కదా. ఆఫీసు నుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా, గుమ్మంలోంచి "బిందూ" అని కేకేసేవారు. అది లేచి రాదు, తల తిప్పదు, లోపల ఎక్కడో బొమ్మలు గీసుకుంటూ "ఊఁ" అంటుంది. ఆ ఊఁ వినపడ్డాకే చెప్పులు విప్పేవారు. అది పోయాక కూడా గుమ్మంలో కాసేపు చెప్పులతోనే నిలబడతారు, నేను వంటింట్లోంచి చూస్తూ ఉంటాను, నోరు మాత్రం తెరవరు.

"గీ సిన్మ తీసినోనికి ఎవలు పోయిన్రో ఏమో," అంది పక్క సీటావిడ, నాతోనో తనలో తనో. పేరు శ్యామలమ్మట, నారపల్లి నుంచి వచ్చిందట, ఇంటర్వెల్లో తనే చెప్పింది, నేను అడగలేదు. ఈ సినిమాకి రావడం రెండోసారట. "నాకొక తమ్ముడుండె, దయాకర్ అని. సిన్నగున్నప్పుడు బాయిల పడ్డడు. ఇప్పుడుంటే మీసాలు తెల్లవడి ఉండు. నేనేమో ముసల్దాన్నయిన, వాడేమో ఆరేండ్లకాడనే ఆగిండు. వాడు పెద్దగైతే ఎట్లుండునో అని గిన్నేండ్లల్ల ఒక్కపారన్న అనుకోలే నేను. మొన్న ఈడ కూసున్నంకనే యాదికొచ్చిండు. ఆ బాయి గూడ లేదిప్పుడు, పూడ్చి ప్లాట్లు జేసిన్రు." కొంగుతో ముక్కు చీదుకుంది, ఏ మొహమాటమూ లేకుండా, గట్టిగా. నాకు ఆవిడ మీద అసూయ కలిగింది, ఎంత సులువుగా ఏడుస్తోంది. "అఖరుకు సూడాలె నువ్వు," అంది మళ్ళీ, "అరవైయేండ్ల బిడ్డ తండ్రిని అడుగుతది, ఒక్కపారి పేరు వెట్టి పిల్వు నాయినా, ఇగ చాలు అని. గాడ నాతోని కాలే." నేను ఊఁకొట్టాను గానీ నా చెవులు అక్కడ లేవు, ఇంటర్వెల్లో విన్న మాట దగ్గరే ఉన్నాయి. దీపాలు వెలిగినప్పుడు నేను చున్నీ మొహం మీదకి లాక్కుని దాక్కున్నాను. అప్పుడు ఎవరో భార్యాభర్తలు మా ఆయన దగ్గరికొచ్చి, "అన్నా, మా సీట్ల మీద ఏసీ నీళ్ళు కారుతున్నయ్, గీ రెండు ఖాళీయే కదా, జర కూసుంటం," అన్నారు. ఆయన గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. "లేదండీ. ఆ రెండు సీట్లూ మావే. మావాళ్ళు వస్తారు." వస్తారట. మైకు ముందు ఏదో తడబడి అన్నారనుకోవడానికి కూడా లేదు, డబ్బు పెట్టి టిక్కెట్లు కొని మరీ ఎదురుచూస్తున్నారు. అన్నయ్య చెప్పిందే నిజం. ఒకటి బిందుకి, సరే, మతి తప్పిన లెక్కే అనుకుందాం. రెండోది ఎవరికి?

పదేళ్ళ పిల్ల వచ్చింది తెర మీదకి, తర్వాత పదకొండేళ్ళది. నేను ఆ పిల్ల మొహం చూడలేదు, పొడుగు చూశాను. నడుము నుంచి చీలమండ దాకా కళ్ళతో కొలిచాను. బిందుకి పట్టు పావడా కుట్టించినప్పుడు మా వీధి చివర కుట్టుమిషను సాలమ్మ అంచు లోపలికి మూడు మడతలు వేసి కుట్టింది, "పెరిగే పిల్ల గదమ్మా, ఏడాదికో మడత ఇప్పుకో, మస్తు రోజులొస్తది," అంది. ఒక్క మడత విప్పాను. విప్పినచోట పాత కుట్టు గీతలా మిగిలిపోయి ఎంత ఇస్త్రీ చేసినా పోలేదు, గీత కనిపిస్తోందమ్మా, నేను వేసుకోను అని అది పేచీ పెట్టింది, నేను కసిరాను, వేసుకుంది. మిగిలిన రెండు మడతలూ అలాగే ఉన్నాయి. బట్టలన్నీ ఎవరెవరికో ఇచ్చేశాం, అదొక్కటీ ఇవ్వలేకపోయాను. బీరువా తీసినప్పుడల్లా ఆ మడతల్ని వేలితో తడిమి మూసేస్తాను, విప్పితే ఎంత పొడుగొస్తుందో నాకు తెలుసు, అంత పొడుగు పిల్ల ఎలా ఉండేదో తెలియదు. తెర మీద పదకొండేళ్ళది చేపల మధ్య పరిగెత్తుతోంది, వెనక తండ్రి గంగాళంతో ఆయాసపడుతున్నాడు, ముందు వరసలో మా ఆయన మెడ సాచి చూస్తున్నారు, వీపు సీటుకి ఆనించకుండా. ఆ వీపు చూస్తుంటే నా కోపం ఎక్కడో పట్టు తప్పింది. వారం నుంచీ ఈయన ఇక్కడికొచ్చి చేస్తున్నది ఇదేనా, బీరువా దగ్గర నేను చేసేదేనా. లేదు లేదు, నేను బీరువా మూసేస్తాను. నాకు తెలుసు అది రాదని. తెలిసినవాళ్ళు సీట్లు ఆపరు.

మళ్ళీ ఫోను. "చౌటుప్పల్ వచ్చాను. అతన్ని ఆఫీసు నుంచి తొందరగా రమ్మను, ఏదో ఒకటి చెప్పు." ఏం చెప్పను అన్నయ్యా, నా ఎదురుగానే ఉన్నారు, చెయ్యి సాచితే అందనంత దూరంలో. తెర మీద తండ్రీ పదిహేనేళ్ళ కూతురూ తాబేలు డిప్ప అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు, ఆ పిల్లకి ఎందుకో అలక, ఆయనకి పేరు పిలవడానికి లేదు, ఊరికే కూర్చున్నాడు, ఎంతసేపో, పాట కూడా లేదు. మా ఆయన మొదట్నుంచీ మాటల మనిషి కాదు. పెళ్ళికి ముందు నేను ఘట్‌కేసర్లో ఒక కాలేజీలో పనిచేసేదాన్ని, ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సెక్కడమంటే యుద్ధమే, బస్సు ఆగకముందే జనం కిటికీల్లోంచి కర్చీఫులు, తువ్వాళ్ళు, చేతిలో ఏముంటే అది విసిరేవారు. కర్చీఫ్ పడిన సీటు వేసినవాళ్ళదే, ఎంత తోసుకొచ్చినవాడైనా దాని జోలికి రాడు. ఒక నీలం గళ్ళ కర్చీఫ్ రోజూ కిటికీ పక్కన పడి ఉండేది. నేను ఎక్కగానే ఒకాయన దాన్ని తీసి జేబులో పెట్టుకుని, పక్కకి తప్పుకుని, కడ్డీ పట్టుకుని నిలబడేవారు. ఏమీ అనేవారు కాదు. నారపల్లి, అన్నోజిగూడ వెనక్కి పోతుండేవి, అప్పుడక్కడ ఇంకా పొలాలే, ఆయన ఆ పొలాల్ని ఎప్పుడూ చూడనట్టు చూస్తూ నిలబడేవారు. ఎండలు పోయి వానలొచ్చాయి, కర్చీఫ్ పడుతూనే ఉంది. చివరికి నేనే సిగ్గు విడిచి మీ పేరేంటండీ అని అడిగాను. కనకరాజండీ అన్నారు, చెవులు ఎర్రబడ్డాయి. పెళ్ళయ్యాకా అంతే, ఎప్పుడు సినిమాకెళ్ళినా ముందు నా సీటు దులిపి, కర్చీఫ్ పరిచి, అప్పుడు కూర్చోమనేవారు, ఒకసారి ఎవరో ఒలికించిన కూల్‌డ్రింకులో కూర్చుని కొత్త చీర పాడుచేసుకున్నానని. ముగ్గురం అయ్యాక మెట్ల పక్కన ఆయన, మధ్యలో బిందు, అవతల నేను.

అప్పుడు తాబేలు కన్ను తెరిచింది. సినిమాలో మొదటిసారి తెరిచింది, తెరంతా తెల్లటి వెలుగు, హాల్లోకి మిట్టమధ్యాహ్నం వచ్చినట్టయింది, కుర్రాళ్ళు ఈల వేయబోయి ఆగిపోయారు. ఆ వెలుగులో ముందు వరస స్పష్టంగా కనిపించింది. మా ఆయన పక్క సీట్లో పాప్‌కార్న్ డబ్బా ఉంది, ఒక్క గింజ కూడా తీయకుండా. దాని అవతలి సీట్లో కర్చీఫ్ ఉంది. విసిరినట్టు లేదు, నాలుగు అంచులూ సర్ది పరిచినట్టుంది. నీలం గళ్ళది. అదే కాదులెండి, ఇన్నేళ్ళలో ఎన్ని మారాయో, కానీ ఆయన కొన్నదల్లా నీలం గళ్ళదే. రెండోది ఎవరికి అని ఇందాకటి నుంచి తల బద్దలుకొట్టుకుంటున్నాను, ఎవరెవరి మీదో అనుమానపడ్డాను, సిగ్గు లేకుండా ఆ మైకు పిల్ల మీద కూడా. ఆ సీటు నాది. వారంగా రోజూ నాది. నన్ను పిలవలేదు, ఒక్క ముక్క చెప్పలేదు, నేను వస్తానన్న ఆశ ఏ మూల నుంచి పుట్టిందో నాకు తెలియదు. అసలు బస్సులో మాత్రం ఏం తెలుసు ఆయనకి, నేను ఆ రోజు వస్తానో రానో తెలియకుండానే వేసేవారు కదా. కళ్ళు మండాయి గానీ నీళ్ళు రాలేదు. వెళ్ళాలి అనుకున్నాను. వెళ్ళలేకపోయాను. మధ్యలో ఆ పాప్‌కార్న్ డబ్బా ఉంది. దాని పక్కన కూర్చున్నానంటే నేనూ ఒప్పుకున్నట్టే, బిందు వస్తుందని, లేకపోతే ఇక ఎప్పటికీ రాదని, రెంటిలో ఏది ఒప్పుకున్నట్టో నాకే తెలియలేదు.

ఇంతసేపూ ఆయన మతి గురించే చెప్పాను, నా సంగతి చెప్పలేదు. ఆ వీడియో నా దాకా ఎలా వచ్చిందో చెప్పలేదు. మా అపార్టుమెంటులోకి కొత్తగా దిగిన పద్మశ్రీ అనే అమ్మాయి మొన్న లిఫ్టులో తన ఫోను నా ముందు పెట్టింది, నవ్వుతూ, ఏ పాపమూ తెలియదు దానికి. "ఆంటీ, అంకులే కదా ఈయన? మస్తు ఏడ్చిన్రు పాపం, నాక్కూడ ఏడుపొచ్చింది. ఇంతకి మీ పాపను తీస్కపోయిన్రా సిన్మకు?" లిఫ్టు పైకి పోతోంది. నోటి దాకా వచ్చింది, లేదమ్మా, మా పాప లేదు అని, ఎంతమందికి చెప్పలేదు, బడిలో, కిరాణా కొట్లో, గ్యాస్ తెచ్చే అతనికి, చెప్పీ చెప్పీ ఆ మాట అరిగిపోయింది. అయినా మొన్న రాలేదు. ఆ అమ్మాయి కళ్ళల్లో మా బిందు బతికే ఉంది, ఇంట్లో కూర్చుని బొమ్మలు గీసుకుంటోంది, లిఫ్టు ఆగేదాకానైనా ఉండనివ్వాలనిపించింది. "ఆదివారం తీసుకెళ్తామమ్మా," అన్నాను. "ఇప్పుడు పరీక్షలు." పరీక్షలు అని కూడా అన్నాను. ఇంట్లోకొచ్చి తలుపేసుకుని ఆ వీడియో వెతికి చూసి, మా ఆయనకి పిచ్చి పట్టిందని అన్నయ్యకి ఫోన్ చేశాను.

నలభై ఏళ్ళది వెళ్ళిపోయింది, ఇప్పుడు అరవై ఏళ్ళది వచ్చింది, తండ్రి కంటే పెద్దది, ముగ్గుబుట్ట జుట్టు, మోకాళ్ళ నొప్పులు. తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని నిమురుతోంది. శ్యామలమ్మ అప్పుడే కొంగు నోట్లో కుక్కుకుంది. వెనక కుర్రాళ్ళలో ఒకడు ముక్కు ఎగబీలుస్తున్నాడు, "ఊకో రా భై," అంటున్నాడు ఇంకొకడు, వాడి గొంతూ బాగాలేదు. మా ఆయన లేచారు. క్యారేజీ చేతిలోకి తీసుకుని, మధ్య సీటు మీదుగా వంగి కర్చీఫ్ కోసం చెయ్యి చాపారు. వెళ్ళిపోతున్నారు. ఆ వీడియోలో ఆయన వెనకాల ఎవరూ లేరు, హాలు బయటంతా ఖాళీ, ఆ మైకు పిల్ల జనం కోసం ఎదురుచూస్తుంటే ఈయన ఒక్కరే ముందుగా వచ్చి దానికి చిక్కారు, ఇప్పుడర్థమైంది, రోజూ ఇక్కడే లేచిపోతున్నారు, ఆ పేరు పిలిచే ముందు. నేను లేచాను. శ్యామలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "యాడికమ్మా, ఇప్పుడే అసలుది."

"మావాళ్ళు ముందున్నారండీ," అన్నాను.

చీకట్లో మెట్లు తడుముకుంటూ దిగాను, చెప్పు జారింది, ఎవరో తిట్టారు. ఆయన మోకాళ్ళకి తగులుకుంటూ, పాప్‌కార్న్ డబ్బా దాటుకుని వెళ్ళి, అవతలి సీట్లో కర్చీఫ్ మీదే కూర్చున్నాను. ఆయన చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. నన్ను చూశారు. తెర వెలుగులో ఆ మొహం నేను ఎరిగినదిలా లేదు, ఎప్పటి నుంచో ఏడుస్తున్న మొహంలా ఉంది, నాకు చూపించకుండా.

"కూర్చోండి," అన్నాను, "వెనకవాళ్ళకి అడ్డం."

కూర్చున్నారు. క్యారేజీ కింద పెట్టారు, మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నారు. "రాదని తెలుసు కమలా," అన్నారు, తెర వైపే చూస్తూ. "ఆ అమ్మాయి అడిగేసరికి, లేదు అనడానికి నోరు రాలేదు. అంతే. నాకేం పిచ్చి పట్టలేదు."

"నేను లిఫ్టులో ఆదివారం తీసుకెళ్తామన్నాను," అన్నాను. "పరీక్షలని చెప్పాను."

ఆయన తల తిప్పి చూశారు. అప్పుడు నాకు ఎక్కిళ్ళు వచ్చాయి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. ఫోను మళ్ళీ వణికింది, "ఉప్పల్ వచ్చేశాను, ఎక్కడున్నావు?" అని. సినిమాలో ఉన్నాం అన్నయ్యా, అయ్యాక వస్తాం అని కొట్టి, దాన్ని బ్యాగులో పడేశాను. తెర మీద ముసలి కూతురు తండ్రి గడ్డం పట్టుకుని, ఒక్కసారి పేరు పెట్టి పిలు నాన్నా, ఇక చాలు అంది. మా ఆయన మళ్ళీ లేవబోయారు. నేను మధ్య సీటు మీదుగా చెయ్యి చాపి ఆయన మణికట్టు పట్టుకున్నాను, డబ్బా పక్కకి ఒరిగి గింజలు ఆ సీట్లో పడ్డాయి, ఎవరమూ తీయలేదు. ఆయన కూర్చుండిపోయారు. తెర మీది తండ్రి ఇంకా నోరు తెరవలేదు.

"బిందూ," అన్నారు మా ఆయన. గట్టిగా కాదు, ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి పిలిచినట్టు. పిలిచి ఆగారు, చెప్పులు విప్పకుండా ఆగినట్టే. ఎవరూ పలకలేదు. ఆయన ఇంకా వింటూనే ఉన్నారు, తల కాస్త పక్కకి వంచి. నాకు భయమేసింది, ఆ పిలుపుని అలా వదిలేస్తే ఈ మనిషి ఇక ఎప్పటికీ ఆ గుమ్మంలోనే నిలబడిపోతారని.

"ఊఁ," అన్నాను.